మారు చిరునామాల లెక్క: ఒక విమర్శ

చిరునామా మారినంత మాత్రమున నివాసము మారినట్లు కాదనుటకు మన సిరొంచ తాలూకాకంటె మంచి నిదర్శనము దొరకుట కష్టము. ప్రాణహిత గోదావరిలో గలియు ఈ తీరమునందలి ఒక పాత యింటిని తీసికొందము. 1860 నాటి సంధికి పూర్వము అది నైజాము రాజ్యములోనిది. ఆ సంధివలన గోదావరి యెడమగట్టు తాలూకాలు ఇంగ్లీషువారి వశమై, సిరొంచ ముఖ్యస్థానముగా ఎగువ గోదావరి జిల్లా ఏర్పడినది. 1874లో ఆ జిల్లా రద్దయి చాందా జిల్లాలో గలిసినది. 1950లో మధ్యప్రదేశ్, 1956లో ద్విభాషా బొంబాయి రాష్ట్రము, 1960లో మహారాష్ట్రము, 1982 ఆగస్టు 26 నుండి గడ్చిరోలి జిల్లా. ఉత్తరము మీది క్రింది పంక్తి మారుచు వచ్చినది. ఇల్లు కదలలేదు, ఇంటిలోని తెలుగును కదలలేదు. కాగితములు మాత్రమే ముందుంచుకొని వేర్వేరు చిరునామాలెన్ని యని లెక్కించువాడు అచ్చట ఆరేడు కుటుంబములున్నవని తేల్చును. అతని కూడికలో తప్పుండదు. కూడిన వస్తువు వేరు.

ఇంటర్నెట్టులో ప్రాక్సీ సేవల పనితనమును కొలుచువారు నేడు చేయుచున్న లెక్క చాలవరకు ఈ జాతికి చెందినదే. ఆ లెక్కను పరీక్షించుట ఈ వ్యాసోద్దేశము. విషయము యంత్రశాస్త్రమునకు సంబంధించినదైనను, మొబైలు ఫోను చేతబట్టిన ప్రతి గృహస్థునకు దీనితో నిమిత్తమున్నదని మున్ముందు తేలును.

ముందుగా విషయస్వరూపము. ఇంటర్నెట్టులో చేరిన ప్రతి యంత్రమును ఒక సంఖ్యతో గుర్తింతురు, దానినే ఐ.పి. చిరునామా యందురు. మనమొక వెబ్‌సైటును తెరచినపుడు ఆ సైటువారి సర్వరుకు మన చిరునామా తెలియును. తెలియనిదే జవాబు పంపుట సాధ్యము కాదు. ప్రాక్సీ యనగా నడుమ నిలిచి మన తరఫున అడుగు యంత్రము. సర్వరుకు కనబడునది దాని చిరునామాయే గాని మనది కాదు. ఒకే చిరునామానుండి వేలకొలది అభ్యర్థనలు వచ్చినచో సర్వరు అనుమానించి తలుపు మూయును. అందుచేత అభ్యర్థనకొక చిరునామా చొప్పున మార్చి యిచ్చు సేవలు వెలసినవి. వీనిని వాడువారందరు దొంగలు కారు. ధరలను పోల్చి చూచువారు, తమ ప్రకటనలు ఏ దేశమున ఎట్లు కనబడుచున్నవో సరిచూచుకొను వర్తకులు, పరిశోధకులు, నిర్బంధములున్న దేశములలోని పత్రికారచయితలు వీరిలో నున్నారు. టికెట్లను మూకుమ్మడిగా చేజిక్కించుకొను దళారులును, ఇతరుల ఖాతాల పాస్‌వర్డులను వరుసగా ప్రయత్నించి చూచు మోసగాండ్రును ఉన్నారు.

ఈ సేవలను విక్రయించువారు తమ వద్ద కోట్లకొలది చిరునామాలున్నవని ప్రకటింతురు. కొనువాడు ఆ మాటను పరీక్షింపదలచును. సర్వసాధారణమైన పరీక్ష యిది: వచ్చిన చిరునామాను తిరిగి చెప్పు సర్వరొకదానికి ప్రాక్సీ ద్వారా వేయి అభ్యర్థనలు పంపుదురు, వచ్చిన జవాబులలో వేర్వేరు చిరునామాలెన్నియో లెక్కింతురు. వేయికి తొమ్మిదివందల తొంబదియైదు వేర్వేరుగా వచ్చినచో మార్పిడి నూటికి తొంబదితొమ్మిదిన్నర పాళ్లు బాగున్నదని పట్టికలో వ్రాసికొందురు. ఈ ఒక్క సంఖ్య మీదనే సేవల తారతమ్యము నిర్ణయించిన పట్టికలు లెక్కకు మిక్కిలిగా గలవు.

ఈ సంఖ్య ఏమి చెప్పును, ఏమి చెప్పదు? దీనిని కొంత నెమ్మదిగా విచారింపవలెను.

ఒక కొలనులో వేయి చిరునామాలున్నవనుకొందము. ప్రతి అభ్యర్థనకు వానిలో నొకటి లాటరీ పద్ధతిని వచ్చుచున్నదనుకొందము. వేయిసార్లు తీసినచో వేర్వేరుగా వచ్చునవి వేయి కావు, సుమారు 632 మాత్రమే. తక్కినవి పునరుక్తులు. ఇది సేవయొక్క లోపము కాదు, యాదృచ్ఛికతయొక్క స్వభావము. ఇరువదిముగ్గురు కూడిన సభలో ఇద్దరి పుట్టినరోజు ఒకటే యగుటకు సగముకంటె ఎక్కువ అవకాశమున్నదను ప్రసిద్ధమైన లెక్కయు ఇట్టిదే. ఇపుడు మరియొక సేవ అవే వేయి చిరునామాలను వరుసక్రమమున, పంక్తిభోజనమున విస్తరి తరువాత విస్తరికి వడ్డించినట్లు, ఒకదాని తరువాత నొకటి యిచ్చినదనుకొందము. దానికి వేయికి వేయి మార్కులు. కాని వరుసక్రమము పసిగట్టుటకు సులభము. రెండవ చుట్టు మొదలుకాగానే ఏది తరువాత వచ్చునో చూపరికి తెలిసిపోవును. ఏ గుణము కొరకు మార్పిడిని కొనుచున్నారో ఆ గుణము మొదటి సేవలో ఎక్కువ, రెండవదానిలో తక్కువ. మార్కులు మాత్రము తలక్రిందులు!

కొలను పెద్దదైనకొలది ఈ కొలబద్ద మరింత గ్రుడ్డిదగును. పదివేల చిరునామాలనుండి వేయిసార్లు తీసినచో సుమారు 952 వేర్వేరుగా వచ్చును. లక్షనుండి తీసినచో సుమారు 995. పది లక్షలనుండియైన 999కి పైన. కనుక వేయి అభ్యర్థనల పరీక్ష పదివేలకును లక్షకును భేదమును చూపగలదు గాని, లక్షను దాటిన పిమ్మట దాని చూపు సన్నగిల్లును. అయిదు లక్షల కొలనులోనైనను వేయిసార్లకు ఒక్క పునరుక్తియు రాకపోవుట నూటికి సుమారు 37 పర్యాయములు జరుగును. అట్లు రాకపోగా చూచి, విక్రేత చెప్పిన కోటి నిజమేనని సంతోషించు పరీక్షకుడు ఇరువది రెట్లు మోసపోవుటకు అవకాశమున్నది. ఒక కోటి యను మాటను నిజముగా పరీక్షింపవలెనన్నచో నాలుగు వేలకు తక్కువగాని అభ్యర్థనలు పంపి, పునరుక్తులు వచ్చుటకు తగిన సందు కల్పింపవలెను. నాలుగు వేలకు ఒక్కటి యైనను రాకపోయినచో ఆ మాట కొంత నమ్మదగును. పదియో పదునైదో వచ్చినచో కొలను పది లక్షల లోపుదని ఊహింపవచ్చును.

ఇట్లు ఊహించుటకు జాలరుల విద్య యొకటి కలదు. గత శతాబ్దికి ముందే డెన్మార్కు మత్స్యశాస్త్రవేత్త పీటర్సన్ చేపలకు గుర్తువేసి విడిచి, మరల పట్టి చూచు పద్ధతిని ప్రవేశపెట్టెను. 1930లో అమెరికాలో లింకన్ నీటిబాతుల విషయమున దానినే వాడెను. ప్రాణహిత మడుగులో నేడు వేయి చేపలు పట్టి, గుర్తువేసి విడిచినామనుకొనుడు. రేపు మరల వేయి పట్టగా వానిలో ఏబది గుర్తుగలవైనచో, మడుగులో సుమారు ఇరువది వేల చేపలున్నవని లెక్క. చిరునామాలకు గుర్తు వేయ నక్కరలేదు. అవి తమ సంఖ్యను తామే మోసికొని తిరుగును. ఈ పద్ధతి వేర్వేరు చిరునామాల వట్టి లెక్కకంటె ఎంతో మేలైనది. ఐనను దీనిని అంధముగా వాడరాదు. ప్రతి చేపకు వలలో పడుటకు సమానావకాశముండవలెనను నియమము దీనికి పునాది. కొన్ని చిరునామాలు పదేపదే వచ్చి, కొన్ని అరుదుగా వచ్చినచో అంచనా నిజముకంటె తక్కువకు దిగును. రెండు పట్టుల నడుమ కొత్త నీరు వచ్చి, పాత చేపలు పోయినచో అంచనా నిజముకంటె ఎక్కువకు ఎక్కును. ప్రాక్సీ కొలనులో ఈ రెండును నిత్యము జరుగుచుండును.

మొదటి దోషమును పట్టుటకు వృక్షశాస్త్రజ్ఞుల కొలబద్ద యొకటి పనికివచ్చును. ఆలాపల్లి అడవిలో ఒక తుంటను చూచి, అచ్చట వేయి చెట్లలో 501 జాతులున్నవని ఒకరు చెప్పినచో మనము ఆశ్చర్యపోదుము. దగ్గరకు పోయి చూడగా అయిదువందలు టేకుచెట్లే, తక్కిన అయిదువందలలో ఒక్కొక్కటి ఒక్కొక్క జాతి యని తేలినది. ఆ అడవిని టేకడవి యనవలెనా, నానాజాతి వనమనవలెనా? 1949లో సింప్సన్ ప్రతిపాదించిన కొలత ప్రకారము, ప్రతి జాతి వంతును వర్గుచేసి, కూడి, ఆ మొత్తముతో ఒకటిని భాగించినచో అచ్చటి ఫలవంతమైన జాతుల సంఖ్య వచ్చును. ఈ అడవికది సుమారు 4. వేయి అభ్యర్థనలలో సగము ఒకే చిరునామానుండి వెడలు సేవకును ఇదే గతి. వేర్వేరు చిరునామాల పట్టికలో దానికి 501. నిజమునకు సర్వరు ఎదుట అది నలుగురు మనుష్యుల సందడి మాత్రమే. ప్రాక్సీల పట్టికలు వ్రాయువారు ఈ ఒక్క గడినైన చేర్చినచో సగము భ్రమ తొలగును.

చిరునామాలు వేర్వేరైనను ఒకే వీధిలోనివి కావచ్చును. నాలుగవ తరము చిరునామాలు, అనగా పాత పద్ధతివి, మొత్తము 4,29,49,67,296 మాత్రమే. అవి గంపగుత్తగా పంచబడినవి. 256 చిరునామాల పంక్తి యొక సాధారణ వాటా. వేయి చిరునామాలును నాలుగు పంక్తులలోనివే యైనచో, అనుమానించిన సర్వరు అధికారి వేయి తలుపులు మూయనక్కరలేదు. నాలుగు వీధులు మూసిన చాలును. ఆ పంక్తులు ఇండ్లకు చేరినవి గాక, సర్వర్లను అద్దెకిచ్చు సంస్థలవైనచో మూయుటకు సంకోచమే యుండదు.

ఆరవ తరము చిరునామాల విషయము మరీ విచిత్రము. పాత చిరునామాల కేంద్ర నిల్వ 2011 ఫిబ్రవరి 3 నాటికి ముగిసినది. పిమ్మట వ్యాపించిన కొత్త పద్ధతిలో ఒక్క ఫోనుకు ఇచ్చు వాటాయే సుమారు 1,80,00,00,00,00,00,00,00,000 చిరునామాలు. ఆ ఫోను గంటకు లక్ష సార్లు చిరునామా మార్చినను తన జీవితములో ఒకసారి వాడినది మరల వాడనక్కరలేదు. పునరుక్తి సున్న, వేర్వేరు చిరునామాలు నూటికి నూరు. ఫోను ఒక్కటే! మన దేశమున మొబైలు వినియోగదారులలో అధికభాగమునకు ఈ కొత్త చిరునామాలే యందుచున్నవి గనుక ఇది దూరపు ఉదాహరణము కాదు. కొత్త చిరునామాలలో మొదటి సగమును మాత్రమే లెక్కించి, రెండవ సగమును విడిచిపెట్టనిచో ఏ కొలతయు నిలువదు. ఈ చిన్న విషయమును గమనింపని పట్టికలు నేటికిని వెలువడుచుండుట శోచనీయము.

పరీక్షించువాని అలవాటులు కూడ ఫలితమును చెరుపును. ఈ భాగమును త్వరగా చెప్పి ముగింతును. ఒకసారి తెరచిన సంబంధమును మూయక దానిమీదనే అన్ని అభ్యర్థనలు పంపినచో చిరునామా మారదు. దోషము సేవది కాదు, పరీక్షకుని కార్యక్రమముది. కొన్ని సేవలు పది నిమిషములపాటు ఒకే చిరునామాను నిలిపియుంచుటను సౌకర్యముగా అమ్మును. దానిని మార్పిడిలేమిగా లెక్కించుట అన్యాయము. జవాబు రాని అభ్యర్థనలను పట్టికనుండి తొలగించి, వచ్చినవానిని మాత్రమే కూడుట మరియొక దురలవాటు. వేయింటిలో మూడువందలు చచ్చి, మిగిలిన ఏడువందలును వేర్వేరైనచో అది నూటికి నూరు కాదు. ఇక చిరునామా మారినను బ్రౌజరు గుర్తులు మారనిచో సర్వరు మనిషిని పట్టుననుట తెలిసిన విషయమే. 2010లో ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ వారి పరిశోధనలో పరీక్షకు వచ్చిన నాలుగు లక్షల డెబ్బదివేల బ్రౌజర్లలో నూటికి 83.6 పాళ్లు తమకు తామే సాటియని తేలినవి. తలపాగా మార్చి నడక మార్చనివానిని సంతలో ఎవరైన గుర్తుపట్టుదురు.

ఇక స్థలనిర్ణయము. ఏ దేశము కావలెను, ఏ నగరము కావలెను అని కోరుకొను సౌకర్యమును విక్రేతలు ఇత్తురు. పరీక్షకులు ఆ నగరమే వచ్చినదా యని ఒక పట్టికను సంప్రదించి మార్కులు వేయుదురు. ఈ పట్టికలెట్టివి? ఐ.పి. చిరునామాలో ఊరు పేరుండదు. ఆసియా ప్రాంతమునకు ఏపీనిక్, మన దేశమునకు ఐరిన్ అను సంస్థలు చిరునామాలను కంపెనీలకు పంచును గాని గ్రామములకు పంచవు. ఆ కంపెనీ వానిని ఎచ్చట వాడుచున్నదో కొందరు వర్తకులు ఊహించి పట్టికలుగా కూర్చి అమ్ముదురు. ఊహ కుదరనిచోట దేశమధ్యమును సూచించు ఆచారమొకటి యుండెడిది. అమెరికాలో మాక్స్‌మైండ్ అను సంస్థ పట్టికలో, దేశము తప్ప ఏమియు తెలియని చిరునామాలన్నియు కాన్సస్ రాష్ట్రములోని ఒక పొలమునకు చూపబడినవి. అట్టివి అరువది కోట్లకు మించినవని 2016లో బయటపడినది. ఆ పొలమందలి కుటుంబము ఏండ్లతరబడి పోలీసులకును, మోసపోయినవారికిని సమాధానము చెప్పుకొనవలసి వచ్చెను. వారు చేసిన నేరము దేశమధ్యమున నివసించుట. నాగపురములోని శూన్యమైలు స్తంభము చుట్టుపట్ల ఇండ్లు కట్టుకొన్నవారు ఈ కథను శ్రద్ధగా వినదగును.

మన తీరమున ఈ చిక్కు మరింత పెద్దది. గోదావరికి ఇవతలి గట్టు టెలికాం లెక్కలలో మహారాష్ట్ర లైసెన్సు ప్రాంతము. అవతల కాళేశ్వరము వైపు తెలంగాణ రాష్ట్రమైనను, 2014 విభజన పిమ్మటను టెలికాం లెక్కలలో అది ఆంధ్రప్రదేశ్ ప్రాంతముగానే నిలిచియున్నది. నీటి నడుమ తెరపి యెక్కువ గనుక ఒడ్డున నిలిచిన ఫోను అవతలి టవరును పట్టుటయు కద్దు. అపుడు అదే చేతిలోని అదే ఫోను వేరొక ప్రాంతపు ద్వారమునుండి ఇంటర్నెట్టులోనికి వెడలును. ఆ ద్వారములు పెద్ద నగరములలో నుండును గనుక పట్టికలో సిరొంచ పేరు వచ్చుట అరుదు. ముంబయియో, నాగపురమో, హైదరాబాదో వచ్చును. ఇట్టి ఫోను ఎవరి ప్రాక్సీ కొలనులోనైన చేరినచో, అది ఒకనాడు మహారాష్ట్ర చిరునామాగాను, మరునాడు తెలంగాణ చిరునామాగాను అమ్ముడుపోవును. వ్యాసారంభమున చెప్పిన పాతయింటికి నూరేండ్లు పట్టిన మార్పు దీనికి ఒక సాయంత్రము పట్టును.

కొన్నిచోట్ల దేశమునే తెలిసి మార్చి చూపుదురు. 2022 ఏప్రిల్ 28న కేంద్రప్రభుత్వమునకు చెందిన సెర్ట్-ఇన్ సంస్థ ఆదేశములు జారీచేసి, వి.పి.ఎన్. సేవలవారు తమ ఖాతాదారుల వివరములను, వారికిచ్చిన చిరునామాలను అయిదేండ్లు భద్రపరుపవలెనని విధించినది. దీనికి సమ్మతింపక ఎక్స్‌ప్రెస్ వి.పి.ఎన్. అను సంస్థ ఆ జూనులో మన దేశమునందలి సర్వర్లను తొలగించి, భారతీయ చిరునామాలనే సింగపూరు, ఇంగ్లండులలోని యంత్రములనుండి ఇచ్చుటకు పూనుకొనెను. ఆ సంస్థ ఈ సంగతిని దాచలేదు. ఐనను పట్టికనుబట్టి మార్కులు వేయు పరీక్షకునకు ఆ యంత్రము భారతదేశమున నున్నట్లే తోచును. జవాబు వచ్చుటకు పట్టిన కాలమును కొలిచి, దూరమును సరిచూచుకొన్నవాడే దీనిని పట్టగలడు. వెలుతురు గాజుతీగలో సెకండుకు రెండు లక్షల కిలోమీటర్లకు మించి పోజాలదు గనుక ఈ కొలత అబద్ధమాడదు. పట్టికను పట్టికతో పోల్చుట పరీక్ష కాదు.

ఇంతవరకు చెప్పినవన్నియు కొలతల దోషములు, శ్రద్ధయున్న దిద్దుకొనవచ్చును. కాని ఈ కొలతల పట్టికలలో మొదటినుండియు లేని గడి యొకటి కలదు. ఈ చిరునామాలు ఎవరివి? సర్వర్లను అద్దెకిచ్చు సంస్థల చిరునామాలను సైటులు సులభముగా మూయుచుండుటచేత, గృహస్థుల చిరునామాలకు గిరాకి పెరిగినది. గృహస్థుని చిరునామా వాడవలెనన్న అభ్యర్థన ఆతని ఫోనునుండియో, కంప్యూటరునుండియో, రౌటరునుండియో వెడలవలెను. అతడు ఒప్పుకొన్నాడా? ఉచిత వి.పి.ఎన్. గా ప్రసిద్ధమైన హోలా వాడుకదార్ల సంబంధములు లూమినాటి యను పేర ఇతరులకు అమ్ముడుపోవుచున్నవని 2015లో గగ్గోలు పుట్టినది. నిబంధనల కాగితములో ఒక మూల వ్రాసియుండుట ఒప్పుదలయగునా యను ప్రశ్న ఆనాడు పుట్టి నేటికిని తీరలేదు.

ఈ విషయమున శాస్త్రీయముగా జరిగిన పరిశోధనలలో 2019లో ఐ.ట్రిపుల్.ఇ. వారి భద్రతా సదస్సున ప్రకటింపబడినది పేర్కొనదగినది. షియాంగ్‌హాంగ్ మీ ప్రభృతులు అయిదు సేవలకు చందాదారులై, తమ అభ్యర్థనలను తమ సర్వరుకే పంపుకొని, అరువది లక్షలకు పైబడిన చిరునామాలను సేకరించిరి. వారు లెక్కతో నాగక, ఆ చిరునామాల వెనుక నున్నవేమో తట్టి చూచిరి. రెండు లక్షలకు పైగా రౌటర్లు, కెమెరాలు వంటి పరికరములు బయటపడినవి. కెమెరా ఏ నిబంధనలకు ఒప్పుకొనును? స్వచ్ఛందముగా చేరినవారే మా కొలనులో నున్నారను విక్రేతల మాటకు ఇది గట్టి దెబ్బ. ఈ గ్రంథమును ప్రశంసించుచునే ఒక మాట చెప్పవలసియున్నది. అరువది లక్షలనునది చిరునామాల సంఖ్య గాని ఇండ్ల సంఖ్య కాదు. టెలికాం సంస్థ చిరునామాను మార్చినపుడెల్ల ఒక ఇల్లు మరల మరల లెక్కకు వచ్చును. కొత్త నీరు చేరిన మడుగునుగూర్చి పైన చెప్పినదే యిచ్చటను వర్తించును. పరిశోధకులు ఈ భేదము నెరుగనివారు కారు. వారి సంఖ్యను పట్టుకొని వ్రాసిన పత్రికలే ఇండ్లని వ్రాసినవి.

న్యాయస్థానముల కాగితములలోను ఇదే చిక్కు. 2014 నుండి 2022 జులై వరకు నడిచిన 911 ఎస్5 అను ప్రాక్సీ సేవ నిర్వాహకుని 2024 మే నెలలో సింగపూరులో నిర్బంధించిరి. ఉచిత వి.పి.ఎన్. కార్యక్రములలో దాచిన గూఢయంత్రాంగముతో సుమారు రెండువందల దేశములలో ఒక కోటి తొంబది లక్షల చిరునామాలను అతడు అద్దెకిచ్చినాడని అమెరికా న్యాయశాఖ ఆరోపించినది. వానిని వాడి, కోవిడ్ కాలపు నిరుద్యోగభృతి మొదలగు సహాయనిధులనుండి వందలకోట్ల డాలర్లు అపహరించిరట. కొలతల దృష్టితో చూచినచో ఇది ఉత్తమమైన సేవ. చిరునామాలు విరివిగా చెదరియున్నవి, అన్నియు గృహస్థులవి, పునరుక్తి స్వల్పము, స్థలము సత్యము. మనము పైన సూచించిన ప్రతి సవరణలోను దీనికి మంచి మార్కులే వచ్చును! వేర్వేరు చిరునామాల వట్టి లెక్కను విమర్శించి, సింప్సన్ కొలతను, జాలరి లెక్కను చేర్చిన మాత్రమున పని ముగియదనుటకు ఇంతకంటె నిదర్శనమక్కరలేదు. మార్పిడి ఎంత చక్కగా సాగినదో అంతగా దాని వెనుక ఎవరో యెరుగని గృహస్థులు చిక్కుకొనియుండుటకు అవకాశమున్నదని శంకింపవలసిన స్థితి యిది. కనుక విక్రేత తన చిరునామాలను సంపాదించిన విధమును చెప్పనిచో, ఆ సేవకు మార్కులు వేయకుండుటయే పరీక్షకుని ధర్మమని నా అభిప్రాయము. కొందరు దీనిని శాస్త్రమునకు సంబంధింపని నీతిబోధ యందురు. నాకట్లు తోచదు. దొంగసొత్తు తూకము సరిగా నున్నదని ముద్రవేసి యిచ్చు తూనికలవాడు తాను తూకము మాత్రమే చూచినానని తప్పుకొనలేడు.

ఇవి అమెరికా, సింగపూరు సంగతులని మన తాలూకాలో ఉపేక్షింప వీలులేదు. ఇచ్చట ఇంటర్నెట్టు అనగా ప్రధానముగా మొబైలు ఇంటర్నెట్టే. ఖాళీగా నున్న డేటాను పంచుకొన్నచో డబ్బు వచ్చునని చెప్పు యాప్‌లు ఇతర ప్రాంతములలో వలెనే ఇచ్చటి యువకుల ఫోనులకును చేరగలవు. వానిలో ఒప్పుదలను స్పష్టముగా అడుగునవి కొన్ని యున్నవి. ఐనను నెలకు దొరకు కొద్ది రూపాయలకు బదులుగా తన చిరునామా మీద ఎవరు ఏమి అడుగుచున్నారో తెలిసికొను సాధనము ఆ యువకునికి లేదు. నిబంధనలు మరాఠీలోనైన, తెలుగులోనైన వ్రాసియుండుట అరుదు.

ఇచ్చట మరియొక సాంకేతిక విషయము. పాత చిరునామాలు చాలనందున మొబైలు కంపెనీలు అనేకమంది ఖాతాదారులను ఒకే బహిరంగ చిరునామా వెనుక నుంచును. ఇందుకై 2012 ఏప్రిల్‌లో 41,94,304 చిరునామాలు గల ప్రత్యేక పంక్తిని లోపలి వాడుకకు కేటాయించిరి. ఒక పెద్ద వాడకు ఒకే తలవాకిలి వంటిది. అట్టి తలవాకిలినుండి అపరాధమొకటి జరిగినచో, చిరునామాయు తేదీయు మాత్రమే వ్రాసియున్న సర్వరు పుస్తకమువలన ఏ గదివాడో తేలదు. ఆ క్షణమున వాడిన పోర్టు సంఖ్య కూడ కావలెను. సర్వర్లు పోర్టు సంఖ్యను, ఖచ్చితమైన కాలమును వ్రాసియుంచవలెనని 2011 జూనులోనే ఇంటర్నెట్టు ప్రమాణసంఘమువారు 6302వ పత్రమున సిఫారసు చేసిరి. నేటికిని అనేక సర్వర్లు దానిని పాటించుటలేదు. పోర్టు సంఖ్య లేని విచారణపత్రము టెలికాం సంస్థకు పోయినచో తిరిగివచ్చునది ఒక్క పేరు కాదు, ఆ వేళకు ఆ వాకిట నున్న అందరి పేర్లు. వారిలో ఎవ్వరి ఫోను ప్రాక్సీ కొలనులో నున్నదో, ఎవ్వరిది లేదో ఆ జాబితాలో వ్రాసియుండదు. ప్రాక్సీ సేవలను పరీక్షించువారు తమ సర్వరు పుస్తకమున చిరునామా ప్రక్కన పోర్టు సంఖ్యను, సెకండులతో కూడిన కాలమును చేర్చి వ్రాసికొనుటకు ఖర్చేమియు లేదు. ఒకే తలవాకిలి వెనుక ఎన్ని గదులు కదలుచున్నవో కొంతవరకు ఊహించుటకును అదియే ఆధారము.